లియాన్‌లో ఒక్క గంట

గోదావరిఖని, లక్ష్మీనగర్
ఏప్రిల్ 6

మహారాజశ్రీ బావ ఎల్లన్న గారి సముఖమునకు,

లక్ష్మీనగర్ రంగుల దుకాణం యజమానురాలు శ్రీమతి సంధ్యారాణి గారికి ఏకైక భర్తనూ, బొగ్గుబాయిలో హాలేజీ డ్రైవరునూ అయిన సంపత్ అనే నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నాలుగు దిక్కులకూ చాటించేది ఏమంటే: నా మీసాలకు రంగు వేయబడినది. వేసింది మంగలి షాపు రంగే గాని, దుకాణంలోని గోడల రంగు కాదు. ఈ విషయమై గల్లీలో పుకార్లు పుట్టించువారు శిక్షార్హులు. ఇంకొక చాటింపు: నేటినుంచి నేను ఇంట్లో సైతం ప్యాంటుతోనే సంచరిస్తున్నాను, అలవాటు కావడానికి. చింతకాయ తొక్కు ఎన్ని డబ్బాలు తీసుకుపోవాలన్న తగవు మూడు రోజులు నడిచి, రెండు డబ్బాల దగ్గర రాజీ కుదిరింది. తీర్పు చెప్పింది ఆమె, తలూపింది నేను.

"అసలు సంగతి చెప్పురా, నీ మీసాల కత ఎవనికి గావాలె" అని నువ్వు గొణుగుతున్నావని తెలుసు. చెప్తున్నాను. మేము ఫ్రాన్సు దేశం పోతున్నాం!

ఏడాదిగా ఖనిలో వెలిసిన గోడ ఏది కనబడినా నీ చెల్లె ఊరుకోలేదు. గుమ్మంలో నిలబడిన ఇల్లాలితో, "అక్కా, నీ మొఖం కళగున్నది గాని గోడలకే దయ్యం పట్టినట్టున్నది" అని చెప్పి డబ్బాలు అంటగట్టింది. రంగుల కంపెనీ వాళ్లు మెచ్చి, జిల్లాకొక దుకాణం చొప్పున ఏరి, ఆలుమగలిద్దరినీ తిప్పి తెస్తామన్నారు. కాగితంలో ఆమె పేరు పైన, నా పేరు కింద. నా పేరు పక్కన "తోడు వచ్చువాడు" అని రాసి ఉంది. ఇరవై ఆరేండ్లు తాడు మీద బొగ్గు టబ్బులు గుంజిన మనిషి బావా, చివరికి తోడు వచ్చువాడయ్యాడు.

పది రోజుల్లో ఒక రోజంతా లియాన్ అనే పాత పట్నంలోనట. రెండు వేల ఏండ్ల ఊరు. రెండు నదులు ఊరిలోంచి పారి చివరన కలుస్తాయట, మన కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలిసినట్టు. పారిస్ టవరు గురించి నీకు రాయను, అది నువ్వు క్యాలెండరులో చూశావు. లియాన్ గురించి మాత్రం గడప గడప రాస్తాను.

ఇదంతా ఫోన్‌లోనే చెప్పేవాణ్ణి. కానీ నీకు ఫోన్ చేస్తే మా గల్లీ మొత్తానికి వినబడుతుంది, నీకు తప్ప. బొగ్గు గోడకు డ్రిల్లు పెట్టి పెట్టి చెవులు బాయిలోనే ఇచ్చి వచ్చావు, ఒప్పుకుంటాను. మరి దవాఖానలో ఇచ్చిన చెవి మిషను డబ్బా విప్పకుండా బీరువాలో పెట్టావట, పెండ్లినగ లాగ. ఏ పెండ్లికి దాచావు?

జవాబు రాయి. తిట్టినా సరే.

నీ బామ్మర్ది,
తోడు వచ్చువాడు,
సంపత్


గోలేటి
ఏప్రిల్ 13

సంపత్‌కు,

ఉత్తరం అందింది. మీసాల సంగతి చదివి మీ అక్క నవ్వింది. నవ్వడం చూశాను.

చెల్లె దుకాణం పేరు మీద దేశం దాటుతున్నందుకు సంతోషం. ఆమె కష్టం ఆమెకు ఫలించింది. నువ్వు అక్కడ నోరు అదుపులో పెట్టుకో. ఆ దేశంలో నీ మాట అర్థం కాకపోవడం ఆ దేశం అదృష్టం.

మిషను మాట ఇకమీద ఎత్తవద్దు. చెవిలో ఆ గింజ పెట్టుకొని బజారుకు పోతే "ఎల్లన్నకు చెవుడు" అని డప్పు కొట్టి చెప్పినట్టే. ఇప్పుడైతే కొందరికే తెలుసు. నాకు ఏం తక్కువైంది? రిటైరైనవాణ్ణి. పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం వాకిట్లో మొక్కలకు నీళ్లు. మొక్కలు మాట్లాడవు, నాకూ వాటికీ బాగా కుదిరింది.

చూసింది చూసినట్టు రాయి. అబద్ధాలు కలుపుతావని తెలుసు. అందుకే నీ ఉత్తరం ఎప్పుడూ సగం కొట్టేసి చదువుతాను.

ఎల్లన్న


గోలేటి
ఏప్రిల్ 15

తమ్మీ సంపత్,

మీ బావ పండుకున్నడు, గందుకే రాస్తున్న. ఈ సంగతి నీకు చెప్పలే, చెప్పబుద్ధి కాలే.

మొన్న మాఘమాసంల మా ఆడిబిడ్డ ఇంట్ల పెండ్లికి పోయినం. బంతిల కూసున్నం. వడ్డించే పిల్ల పప్పు గిన్నె పట్టుకొని వచ్చి, "పప్పు పొయ్యాల్నా బాపూ?" అని అడిగింది. మీ బావకు ఏం వినబడ్డదో తెలుసా? "ఎప్పుడు పొయ్యిండు బాపు?" అని. తండ్రి గురించి అడుగుతున్నదనుకొని, మొఖం చిన్నగ చేసుకొని, "పోయి పదేండ్లాయె బిడ్డా" అన్నడు. బంతి మొత్తం ఒక్కటే నవ్వుడు. ఎందుకు నవ్వుతున్నరో ఆయనకు తెల్వలే. నా దిక్కు చూసిండు. తమ్మీ, నాకు గూడ నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయిన. గది చూసి సగం తిన్న విస్తరి ముందల్నుంచి లేచిపోయిండు.

గా దినం సంది గడప దాటలే. కాళేశ్వరం పోదాం, రెండు నదులు చూసొద్దామంటే తల అడ్డం ఊపుతడు. ఇంట్ల ఇద్దరమున్నం, మాట్లాడేది ఒక్కదాన్నే. నేను ఏమన్న అంటే కాగితం పెన్ను నా ముందల వెడ్తడు. పెండ్లాం మొగడు మాటలు కాగితం మీద రాసుకునేటియా? పొయ్యి కాడ కూర మాడుతుంటే "జర చూడు" అని ఎట్ల రాయాలె?

నీ మీద కస్సుమంటడు గాని నీ ఉత్తరాలు దిండు కిందనే పెట్టుకుంటడు. నువ్వే ఏమన్న చెయ్యాలె. గా దేశంల మంచి చెవి డాక్టరు దొరికితే అడుగు. నేను రాసినట్టు చెప్పకు.

మీ అక్క
రాజకుమారి


లియాన్
మే 11, సాయంత్రం

బావకు, రెండు నదుల ఒడ్డునుంచి దండం!

కాళ్లు పీకుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగడం లేదు. ఈ కాగితం హోటలు వాళ్లది. బల్ల మీద రెండే పెడితే ఇంకో పది అడిగి తెచ్చాను. ఇంత అందమైన ఊరు నా జన్మలో చూడలేదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను, కొట్టేయడానికి పెన్ను తీయకు.

మా గుంపును తిప్పేది రవికాంత్ అని కంపెనీ మనిషి. తండ్రి కరెంటు ప్లాంటులో ఇంజినీరట. మన ఖని పక్క జ్యోతినగర్‌లోనే పెరిగినా నోట్లో ఇంకా కాకినాడ నీళ్లే ఉన్నాయి. నిమిషానికొక అండీ. "సంపత్ గారండీ, లైనులో ఉండండీ, అటు కాదండీ" అని పొద్దున ఏడింటికి మొదలుపెట్టాడు. ఫలహారానికి రొట్టె పెట్టారు. మన బాయిలో పైకప్పు కూలకుండా ఆనించే కర్ర ఉంటుందే, అంత పొడుగు, అంత గట్టి. నేను టేబులు మీద నిలబెట్టి చూపించాను. సంధ్యారాణి తొక్కు డబ్బా మూత తీయగానే పక్క టేబులు తెల్లాయన ముక్కు ఎగబీల్చి దగ్గరికి వచ్చాడు. చెంచా కొసన ఇంత పెట్టాం. తిన్నాడు. కండ్లు తుడుచుకున్నాడు. మళ్లీ చెంచా చాపాడు!

పాత ఊరిలోకి పోయాం. ఇండ్లన్నీ గులాబి, పసుపు, ఇటుక రంగులు. అందరూ ఫొటోలు దిగుతుంటే నీ చెల్లె ప్రతి గోడకూ అరచెయ్యి రుద్ది, రంగు అంటుతుందా లేదా అని చూస్తూ వచ్చింది. "సున్నం రంగు. గట్టిగ పట్టుకున్నది. మనదగ్గర గిట్ల వేసే మేస్త్రీ లేడు" అని తేల్చింది. ఇది పట్టు నేసేవాళ్ల ఊరు అని రవికాంత్ చెప్పగానే, "అట్లయితే మా తల్లిగారి సిరిసిల్లకు అక్క లాంటిది" అని చుట్టరికం కలిపేసుకుంది.

ఇప్పుడు అసలుది. ఊరి పక్కన గుట్ట, గుట్ట మీద తెల్లటి పెద్ద చర్చి. పైకి పోవడానికి బండి ఉంది. స్టేషనులోకి దిగి చూద్దును గదా: ఏటవాలు పట్టాలు. పట్టాల నడుమ ఇనుప తాడు. ముందర నల్లగా సొరంగం. బావా, హాలేజీ! టబ్బులకు బదులు కుర్చీలు పెట్టారు, అంతే తేడా. ఇన్ని వేల మైళ్లు విమానంలో వచ్చి మళ్లీ డ్యూటీ ఎక్కానా అనిపించింది. తాడు ఎంత లావు, ఎక్కడ అతికారు అని వంగి చూస్తుంటే రవికాంత్ నా చొక్కా పట్టుకొని లోపలికి లాగాడు.

బండి సొరంగంలో సగం దూరం పోయింది. టంగ్ మని గంట. ఒక్కటే.

నీకు నేను చెప్పాలా? తాడు నడుస్తుండగా ఒక్క గంట కొడితే ఆపాలి. ఆపకపోతే కింద ఎవడో చస్తాడు. నేను ఆలోచించనే లేదు, ఒళ్లే లేచింది. "ఆపుండ్రి! బండి ఆపుండ్రి!" అని అరిచి, నీ చెల్లెను బండి గోడకు అదిమి, రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాను. బండి ఆగలేదు. చక్కగా తన దారిన పైకి పోతూనే ఉంది. ఆ గంట ఎవరిదో సెల్‌ఫోన్‌లోదట.

ఇంక నవ్వులు చూడు. ఖమ్మం దుకాణదారు పొట్ట పట్టుకున్నాడు. తెల్లవాళ్లకు మాట అర్థం కాకపోయినా నా వాలకం అర్థమైంది. "సంపత్ గారండీ, ఇది బొగ్గుగని కాదండీ, కూర్చోండీ" అని రవికాంత్. "దేశం కాని దేశంల ఇజ్జత్ తీసినవ్ గదయ్యా" అని నీ చెల్లె, నవ్వుతూనే.

ఒక్కడు మాత్రం నవ్వలేదు. కిటికీ పక్కన టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన, భార్యతో కూర్చున్నాడు. డెబ్బై అయిదుంటాయి. మోచేతి నుంచి వేళ్ల దాకా చర్మం కింద నీలి మచ్చలు. తెగిన గాయంలో బొగ్గు పొడి చేరి మానితే పడతాయే, అవి. నన్ను చూసి, పక్కనున్న ఇనుప కడ్డీ మీద వేలి కణుపుతో కొట్టాడు: టక్, టక్, టక్. మూడు. అంటే మనుషులున్నారు, భద్రం అని. నేను పోయి ఆయన పక్కన కూర్చున్నాను.

రవికాంత్ అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పాడు. ఆయన పేరు రెనే. మన దగ్గర పుడితే రేణయ్య అయ్యేవాడు. పక్క ఊరి బొగ్గు బాయిలో డ్రిల్లరు, నీలాగే. ఆ బాయిలు మూతపడి ఏండ్లయింది. నీలాగే చెవులు పోయాయి. చెవిలో మిషను. దాచుకునే రంగు కాదు బావా, ఎర్రగా, పండు మిరపకాయ లాగ! "అందరికీ కనబడుతది గదా?" అని నేనే అడిగాను. ఆయన ఏమన్నాడంటే, "నా పెండ్లాం ఆరేండ్లు తిట్టింది, ఒక్క తిట్టూ నా దాకా రాలేదు. అంత కష్టం వృథా పోయింది. పాపం అనిపించి పెట్టుకున్నా. ఇప్పుడు ఆమె ఒకటి అంటే నేను రెండంటా." అది విని ఆ ముసలామె ఆయన భుజం మీద ఒక్కటి ఇచ్చింది.

గుట్ట మీదినుంచి ఊరంతా కనబడింది, ఎర్ర పెంకులు, రెండు నదులు. కిందికి దిగాక మమ్మల్ని సన్న దారుల్లోకి తీసుకుపోయారు. ఒక వీధిలో తలుపు తోసి దూరితే, ఇండ్ల కింద నుంచి నడిచి, ఇంకో వీధిలో తేలుతాం. పట్టు తాన్లు వానకు తడవకుండా అట్లా మోసేవారట. అచ్చం మన బాయిలో గ్యాలరీలు. మూడు మలుపులు తిరిగేసరికి రవికాంత్ ఫోన్‌లో దారి పోయింది, ఆయన మొఖంలో రక్తం పోయింది. అప్పుడు తోడు వచ్చువాడు ముందుకొచ్చాడు! వేలు తడిపి పైకెత్తాను. చల్లగాలి ఎడమ పక్కనుంచి. బాయిలో దారి తప్పినవాడు మంచిగాలికి ఎదురు నడిస్తే బయట పడతాడు గదా. "నా వెనుక రాండ్రి" అన్నాను. మొదట ఎవరిదో బట్టలు ఆరేసిన వాకిట్లో తేలాం, దండం పెట్టి బయటపడ్డాం. ఇంకో మలుపుకు నది! ఖమ్మం దుకాణదారు నా చెయ్యి పట్టుకొని ఊపాడు.

సాయంత్రం రెండు నదులూ కలిసే చోటు. ఒకటి పచ్చగా నింపాదిగా వస్తుంది, ఇంకోటి నీలంగా ఉరికొస్తుంది. కలిసినాక కూడా కాసేపు ఎవరి రంగు వాళ్లదే, కొత్త కోడలూ అత్తా లాగ. నీ చెల్లె సంచిలోంచి పసుపు, కుంకుమ, రవికె గుడ్డ తీసింది. ఖని నుంచే మోసుకొచ్చిందట, నాకు చెప్పలేదు. నీళ్లలో పసుపు వేయగానే యూనిఫాం వేసుకున్న ఒకామె ఉరికొచ్చి ఏదో గద్దించింది. సంధ్యారాణి బెదరలేదు. "గంగమ్మకు పెట్టి నీకు పెట్టకుంటే ఎట్ల చెల్లే, రా" అని ఆమె నుదుట బొట్టు పెట్టి, రవికె గుడ్డ చేతిలో ఉంచింది. ఆమె గుడ్లప్పగించి చూసి, ఫక్కున నవ్వి, మాతో ఫొటో దిగింది.

అక్కను ఎప్పుడైనా ఇట్లా రెండు నదుల దగ్గరికి తీసుకుపో బావా. నీకు దగ్గరలోనే ఉన్నాయి.

సంపత్


గోలేటి
జూన్ 3

సంపత్‌కు,

నువ్వు వచ్చి రెండు వారాలైంది, పంపిన చాక్లెట్లు అయిపోయాయి, ఇప్పుడు వచ్చింది నీ ఉత్తరం.

చదివాను. గుడికి పోవడానికి ఎవడూ హాలేజీ పెట్టడు, అది అబద్ధం. సెల్‌ఫోను గంటకు నువ్వు లేచి అరిచావన్నది ఇంకో అబద్ధం. నువ్వు డ్యూటీలోనే గంటకు లేవవు, నాకు తెలుసు. గాలిని పట్టుకొని దారి చూపావా? బాయిలో నువ్వు రెండుసార్లు తప్పిపోతే వెతికి తెచ్చింది ఎవరు? ఇక యూనిఫాం వేసుకున్నామెకు బొట్టు పెట్టడం. పెట్టి ఉంటే మీ ఇద్దరినీ లోపలేసేవాళ్లు, ఈ ఉత్తరం జైలు నుంచి వచ్చేది.

ఆ ముసలాయన సంగతి ఒక్కటే నిజం. నీలి మచ్చలు, మూడు దెబ్బలు, ఇవి కల్పించేంత బుర్ర నీకు లేదు.

ఆయన ఫొటో ఎందుకు తీయలేదు? మిషను ఒక చెవికా, రెండు చెవులకా? జనంలోకి పోతే గోల ఎక్కువై తల నొప్పి రాదా? ఎవరైనా నవ్వితే ఏం చేస్తాడో అడిగావా?

ఊరికే అడుగుతున్నాను.

ఎల్లన్న


గోదావరిఖని, లక్ష్మీనగర్
జూన్ 10

బావకు,

నిజాలు రాస్తే అబద్ధాలంటావు, నా బతుకింతే.

ఫొటో సంగతి: సొరంగంలో చీకటి. మిషను ఒక చెవికే, ఎడమ దానికి. మొదటి వారం గోలగోలగా ఉండి తీసి విసిరేద్దామనుకున్నాడట. చెంచా కింద పడితే బాంబు పేలినట్టు వినబడిందట. తరువాత అలవాటైంది.

ఎవరైనా నవ్వితే ఏం చేస్తావని అడిగాను. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఇంతకుముందు ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తుంది. నవ్వదగిన మాటైతే నేనూ నవ్వుతా. కాకపోతే తిరిగి తిడతా."

కింద నీ చెల్లె ఏదో రాస్తానంటోంది.

సంపత్

అన్నా, దండాలు. గుట్ట మీదికి తాడు బండి ఉన్నది నిజం. ఆయన లేచి అరిచింది నిజం, నా భుజం మూడు రోజులు నొచ్చింది. గాలి పట్టుకొని దారి చూపింది గూడ నిజమే, నేనే నమ్మలేకపోయిన. నేను బొట్టు పెట్టిన చెల్లె ఫొటో ఈ కవర్ల పెడుతున్న, చూడు. వదినెను అడిగినట్టు చెప్పు.

సంధ్యారాణి


గోలేటి
ఆగస్టు 12

సంపత్‌కు,

ఫొటో చూశాను. బొట్టు మాట నమ్మాను. మిగతావి ఇంకా విచారణలో ఉన్నాయి.

జూన్ నెలాఖరున బీరువా తీశాను. డబ్బా విప్పాను. మీ అక్క అప్పుడు వంటింట్లో ఉంది, ఆమెకు చెప్పలేదు. ఎడమ చెవికి పెట్టుకొని కుర్చీలో కూర్చున్నాను. మొదట గాలి చప్పుడు. తరువాత ఫ్యాను. మా ఫ్యాను ఇంత మొరుగుతుందని నాకు తెలియదు. మీ అక్క చాయ తెచ్చి బల్ల మీద పెడుతూ, చాలా మామూలుగా, "తాగు, మొద్దు" అన్నది.

నేను ఆమె మొఖం చూశాను. ఆమె నవ్వుతూనే ఉంది. "గట్ల చూస్తవేంది గుడ్లగూబ లెక్క" అన్నది. సంపత్, రెండేండ్లుగా ఈమె నన్ను మొఖం మీదే ఇట్లా తిడుతోందన్న మాట! వినబడదు గదా అని అలవాటు చేసుకుంది. నేను చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, "మొద్దు తాగిండు, గుడ్లగూబకు ఇంకో గ్లాసు తే" అన్నాను. ఆమె చేతిలోంచి పళ్లెం పడిపోయింది. బాంబే పేలింది, రెనే చెప్పినట్టు. తరువాత ఆమె నేల మీద కూర్చొని చాలాసేపు ఏడ్చింది. అది కూడా విన్నాను.

పోయిన వారం కాళేశ్వరం పోయి వచ్చాం. జీపులో పన్నెండు మందిమి. పక్కనాయన నా చెవి వంక చూస్తుంటే నేనే మొదలుపెట్టి ఒక పెండ్లి భోజనం కథ చెప్పాను. నీకు తెలియదు ఆ సంగతి, వచ్చినప్పుడు చెప్తాను. జీపంతా నవ్వింది. ఎందుకు నవ్వారో నాకు తెలుసు గనుక నేనూ నవ్వాను. మీ అక్క మాత్రం ఈసారి నవ్వలేదు, నా చెయ్యి పట్టుకొని కూర్చుంది. నీళ్లు నిండుగా ఉన్నాయి. ఒడ్డున పూలమ్మే ఆమెతో మీ అక్క అరగంట బేరమాడింది. ఒక్క మాట పోకుండా విన్నాను. ఈమె ఇంత మాట్లాడుతుందని మరిచేపోయాను.

అసలు పని రాస్తున్నాను. ఈ కవరులో ఒక ఇత్తడి బిళ్ళ ఉంది. బాయిలో దిగేటప్పుడు నేను రోజూ పట్టుకుపోయిన నా నంబరు బిళ్ళ. అది తిరిగి ఇస్తేనే మనిషి పైకి వచ్చినట్టు లెక్క. రిటైరైన రోజు ఇచ్చేయాల్సింది, ఇవ్వలేదు, జేబులో వేసుకొచ్చాను. మీ అక్కకు కూడా తెలియదు. దీన్ని రెనే అన్నకు పంపు. ఆయనకు రాసిన ఉత్తరం కూడా పెట్టాను. తెలుగులోనే రాశాను, రవికాంత్‌తో వాళ్ల భాషలోకి మార్పించు. ఇట్లాంటి మనిషి ఒకడు ఎక్కడో ఉన్నాడని తెలియకపోతే నేను ఆ డబ్బా విప్పేవాణ్ణి కాదు. జల్ది పంపు, ఆయనకూ వయసైపోయింది. చిరునామా నీ దగ్గర ఉండే ఉంటుంది.

ఎల్లన్న


గోదావరిఖని, లక్ష్మీనగర్
ఆగస్టు 22

బావా,

ఈసారి చాటింపు లేదు.

బిళ్ళ అందింది. రెనేకు నువ్వు రాసిన ఉత్తరం చదివాను. చదవకూడదు, చదివాను. "అన్నా, నీ ఎర్ర మిషను రంగు ఇక్కడ దొరకలేదు, నాది గోధుమ రంగుది, ఏమనుకోకు" అన్న చోట ఆగిపోయాను.

అయిదు రోజులు తప్పించుకునే దారి వెతికాను. ముసలాయన పోయాడని రాద్దామనుకున్నాను. రాశాను కూడా: పడుకున్నవాడు పడుకున్నట్టే సునాయాసంగా పోయాడని, ఆ ముసలామె కబురు పంపిందని. పోస్టు డబ్బా దాకా పోయి, చింపేసి వచ్చాను. నువ్వు ఆయన కోసం ఒక పూట అన్నం మానేస్తావు. నీ సంగతి నాకు తెలియదా? ఇల్లు మారాడని రాద్దామనుకున్నాను. నువ్వు కొత్త చిరునామా అడుగుతావు.

సంధ్యారాణి బిళ్ళ చేతిలోకి తీసుకొని చూసింది. "ఇగ నీ ఎచ్చులు బంద్ జెయ్. గా మనిషి తన పానమసుంటిది తీసి పంపిండు. నిజం రాస్తవా, నన్ను గోలేటికి పొమ్మంటవా?" అన్నది. జూన్‌లో నీకు రాసిన నాలుగు ముక్కల్లోనూ ఆమె ఆ ముసలాయన పేరు ఎత్తలేదు, గమనించావా? అబద్ధానికి సాక్ష్యం చెప్పనంది.

మరి ఎందుకు రాశానంటావు. అక్క ఏడుపు చూడలేక అని చెప్పుకోవచ్చు. అది సగం. మిగతా సగం ఇది: ఆ బండిలో నేను చేతులు అడ్డం పెట్టి నిలబడినప్పుడు, అందరూ నవ్వుతున్నప్పుడు, నేనూ పండ్లు ఇకిలించాను గాని లోపల మండింది. పెండ్లాన్ని కాపాడబోయినవాణ్ణి, కోతినయ్యాను. ఒక్క గంటకు అర్థం తెలిసిన మనిషి ఇక్కడ ఒక్కడన్నా ఉంటే బాగుండు అనుకున్నాను. అట్లాంటి మనిషి నాకు ఒక్కడే తెలుసు. వాడు గోలేటిలో తలుపు వేసుకొని మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. ఆ సాయంత్రం హోటలు కాగితం మీద నీ మోచేతి మచ్చలు, నీ కణుపు దెబ్బలు, మా అక్క తిట్లు తీసుకొని, నెత్తిన టోపీ, రెనే అన్న పేరూ పెట్టి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. మిషను ఎరుపు నీ చెల్లె దుకాణంలోది.

నీ బిళ్ళ ఇందులోనే తిరిగి పంపుతున్నాను. తిట్టాలనిపిస్తే ఉత్తరం రాయకు, ఫోన్ చెయ్యి. ఎంతసేపైనా పడతాను, మధ్యలో ఒక్క మాట మాట్లాడను. మిషను మాత్రం తీయకు బావా. అది నా మాట మీద పెట్టుకున్నావు, నిజమే. కానీ అక్క మాట వినబడుతోంది గదా, అది నా మాట కాదు.

హాలేజీ నిజం. గంట నిజం. గాలి, బొట్టు, నువ్వు కొట్టేసినవన్నీ నిజం. కొట్టేయకుండా ఉంచుకున్నది ఒక్కటే కట్టుకథ. ఆ రోజు ఆ బండిలో నవ్వనివాడు ఒక్కడూ లేడు.

సంపత్